ఖౌమ్ అంటే ఏ జాతి?

మేము ఒక తెలుగు పత్రిక డెస్కులో చేరిన కొత్తల్లో మా పని ఉర్దూ ప్రకటనల్ని తెలుగు చేయడం. పట్టణంలోని సంఘాలవాళ్ళు ఉర్దూలో రాసి పంపే కాగితాలన్నీ మా బల్ల మీదికే వచ్చేవి. ఒక రాత్రి ఒక ప్రకటన వచ్చింది. ఆడపిల్లల చదువు కోసం కలిగినవాళ్ళు ముందుకు రావాలి, ఖౌమ్ బాగుపడాలంటే ఇదొక్కటే దారి అని దాని సారాంశం. ఎడిషన్‌కు టైమైపోతోంది. ఖౌమ్ అన్నచోటల్లా 'జాతి' అని రాసి కాపీ ఇచ్చేశాం. పైవాళ్ళు దానికి 'ముస్లిం జాతి మేల్కోవాలి' అని హెడ్డింగ్ పెట్టారు.

తెల్లారి ఫోన్లు మొదలయ్యాయి. 'మీది వేరే జాతా?' అని ఒకాయన. 'మళ్ళీ రెండు జాతుల సిద్ధాంతం మొదలుపెట్టారా?' అని ఇంకొకాయన. సాయంత్రం ఆ ప్రకటన రాసిన రిటైరైన టీచరు సాహెబ్ ఆఫీసుకొచ్చాడు. మా ఎదుట కూర్చుని, 'బేటా, నేను బడి గురించి రాస్తే నువ్వు పాకిస్తాన్ గురించి రాశావేమిటి?' అన్నాడు. మర్నాడు లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ వేశాం. దాన్నెవరూ చదివినట్టు లేదు.

ఆ పొరపాటు మాదే, కాదనం. కానీ ఆ తర్వాత జాతీయత గురించి చేతికందిన పుస్తకమల్లా చదువుతూ వచ్చాక ఒక సంగతి తెలిసింది. ఈ ఒక్క మాట దగ్గర తడబడిన పత్రిక మాదొక్కటే కాదు. 1937-38 చలికాలంలో ఢిల్లీలో ఇలాంటిదే జరిగింది. ఒక మహాకవికీ ఒక పెద్ద ఆలిమ్‌కీ మధ్య తగాదా అయింది. ఆ తగాదాలోంచి ఒక పుస్తకం పుట్టింది. 'మీదే దేశం?' అని మమ్మల్ని అడిగేవాళ్ళు ఆ పుస్తకం చదవలేదు. జవాబు తోచక తల దించుకున్న మేమూ చదవలేదు.

ఒక మాట, మూడు అర్థాలు

మా ఇళ్ళల్లో పెళ్ళి సంబంధం వస్తే 'వాళ్ళది ఏ ఖౌమ్?' అని అడుగుతారు. షేకులా, సయ్యదులా, పఠాన్లా, దూదేకులా అని దానర్థం. మసీదులో తఖ్రీర్ జరిగేటప్పుడు ఖౌమ్ అంటే ముస్లింలంతా. ఉర్దూ బడిలో ఆగస్టు 15న పిల్లలు పాడేది ఖౌమీ తరానా, ఎగరేసేది ఖౌమీ పర్చమ్. అప్పుడు ఖౌమ్ అంటే మొత్తం దేశం. కులం, మతస్తులు, దేశ ప్రజలు, మూడూ ఒకే మాటలో ఉన్నాయి.

తెలుగులో 'జాతి' మాత్రం తక్కువ తిన్నదా? 'వాళ్ళ జాతే అంత' అంటే కులం. 'తెలుగు జాతి' అంటే భాష. 'జాతిపిత' అంటే దేశం. 1982 నుంచి ఎన్ని సభల్లో ఎంతమంది నాయకులు తెలుగు జాతి ఆత్మగౌరవం గురించి గొంతు చించుకున్నారో అందరికీ తెలుసు. దేశాన్ని చీలుస్తున్నారా అని వాళ్ళ ఇళ్ళకు ఎవరూ ఫోన్లు చేయలేదు. మాట ఒకటే. పలికిన నోరు ఎవరిదన్నదాన్నిబట్టి అది ఆత్మగౌరవమో ద్రోహమో అవుతుంది.

ఈ గందరగోళం కొత్తది కాదు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1884లో గురుదాస్‌పూర్‌లో మాట్లాడుతూ హిందువులూ ముస్లింలూ ఈ నేల మీద ఉండేవాళ్ళంతా కలిసి ఒక ఖౌమ్ అన్నాడు. అదే సర్ సయ్యద్ మరికొన్ని చోట్ల ముస్లింలనే ఖౌమ్ అన్నాడు. ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు మొదటిది ఎత్తి చూపుతారు, తిట్టేవాళ్ళు రెండోది. ఆయన కాలానికి ఆ మాట ఇంకా గట్టిపడలేదని ఎవరూ చెప్పరు.

పరాయివాళ్ళను చేసిన పుస్తకాలు

మేము ఈ దేశంలో పరాయివాళ్ళం ఎప్పుడయ్యాం? ఒక తేదీ చెప్పమంటే, యుద్ధాల తేదీలకన్నా ముందు కొన్ని పుస్తకాల తేదీలు చెప్పాలి.

జేమ్స్ మిల్ ఈ దేశం మొహం చూడలేదు. ఇక్కడి భాష ఒక్కటీ రాదు. లండన్‌లో కూర్చుని 1817లో బ్రిటిష్ ఇండియా చరిత్ర రాశాడు. మన చరిత్రను హిందూ యుగం, మహమ్మదీయ యుగం, బ్రిటిష్ యుగం అని మూడు ముక్కలుగా చూడటం ఆ పుస్తకంతోనే స్థిరపడింది. రాజు మతాన్నిబట్టి కాలానికే మతం అంటగట్టారు. మూడో ముక్కకు మాత్రం క్రైస్తవ యుగమని పేరు పెట్టలేదు చూశారా!

పార్థా చటర్జీ 1993లో అచ్చయిన 'ది నేషన్ అండ్ ఇట్స్ ఫ్రాగ్మెంట్స్'లో ఆ తర్వాతి కథ చెప్పాడు. 1808లో మృత్యుంజయ విద్యాలంకార్ బెంగాలీలో రాసిన 'రాజావళి'లో రాజుల వరస ఉంటుంది. హిందూ రాజు, పఠాన్ సుల్తాను, మొగల్ బాదుషా ఒకరి తర్వాత ఒకరు వస్తారు, పోతారు. ధర్మం తప్పినవాడి రాజ్యం పోతుంది, అంతే. అందులో 'మనం' 'వాళ్ళు' లేరు. యాభై ఏళ్ళు తిరిగేసరికి, 1858లో తారిణీచరణ్ చటోపాధ్యాయ రాసిన బడి పుస్తకంలో ఒక జాతి ఉంది, దానికొక స్వర్ణయుగం ఉంది, దాన్ని కూలదోసిన ముస్లిం ఉన్నాడు. ఇంగ్లీషు చరిత్ర చదివి మనవాళ్ళు రాసుకున్న చరిత్ర అది.

మేము తెలుగు మీడియం బళ్ళో చదివింది దాని మనవడినే. సోషల్ పాఠంలో గజనీ మహమ్మద్ పేరు రాగానే క్లాసంతా మా బెంచీ వైపు తిరిగేది. ఆ గజనీ మాకు మేనమామో, బాబాయో అన్నట్టు! మా తాత ముత్తాతలు దూది ఏకినవాళ్ళూ, లద్దాఫ్ పని చేసినవాళ్ళూ అని అక్కడ చెప్పేవాళ్ళెవరు? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసినప్పుడు తెలుగు పాఠకులు ఉలిక్కిపడ్డారు. మేము ఉలిక్కిపడలేదు. ఆ బెంచీ మాకు తెలుసు.

ఈ ఆలోచనకు ఒక సూత్రం తయారుచేసినవాడు సావర్కర్. 1923లో అచ్చయిన 'హిందుత్వ'లో ఈ నేలను పితృభూమిగానూ పుణ్యభూమిగానూ భావించేవాడే హిందువు అన్నాడు. ఇక్కడి ముస్లింకు, క్రైస్తవుడికి ఇది పితృభూమి కావచ్చని ఒప్పుకుంటూనే, వాళ్ళ పుణ్యభూమి వేరే చోట ఉంది కాబట్టి వాళ్ళు ఇందులోకి రారన్నాడు. అంటే ఇక్కడ పుట్టడం చాలదు, ఇక్కడ చావడం చాలదు. నమాజుకు నువ్వు ఏ దిక్కుకు తిరుగుతావో అది లెక్క. 1937 డిసెంబరులో అహ్మదాబాదు హిందూ మహాసభలో అధ్యక్షుడిగా ఆయన దేశంలో ఉన్నవి రెండు జాతులని కూడా చెప్పాడు. లాహోరులో ముస్లిం లీగ్ తీర్మానం చేసింది 1940 మార్చిలో. ఈ ఇద్దరి మాటా ఈ విషయంలో ఒకటేనని అంబేద్కర్ ఆనాడే రాశాడు. అయినా రెండు జాతుల సిద్ధాంతం అనగానే వేలు ఇప్పటికీ మావైపే చూపిస్తుంది.

ఒక ఫ్రెంచి ప్రసంగం, ఇద్దరు పాఠకులు

జాతి గురించి రాసినవాళ్ళంతా ఎక్కడో ఒకచోట తలుచుకునే పేరు ఎర్నెస్ట్ రెనాన్. 1882 మార్చి 11న పారిస్‌లోని సార్బోన్‌లో జాతి అంటే ఏమిటని ఒక ప్రసంగం చేశాడు. రక్తం జాతిని చేయదు, భాష చేయదు, మతం చేయదు, కొండలూ నదులూ చేయవు అన్నాడు. కలిసి బతకాలన్న కోరికే జాతి, ఆ కోరికను జనం రోజూ ఓటేసినట్టు మళ్ళీ మళ్ళీ చెప్పాలన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. జాతి కావాలంటే కొన్ని జ్ఞాపకాలు ఎంత అవసరమో కొన్నింటిని మరిచిపోవడమూ అంత అవసరం. 1572లో పారిస్‌లో జరిగిన ప్రొటెస్టెంట్ల ఊచకోతను ఫ్రెంచివాడు మరిచిపోయి ఉండాలన్నాడు.

ఈ ప్రసంగాన్ని మన దేశంలో ఇద్దరు పెద్దవాళ్ళు శ్రద్ధగా చదివారు. 1930లో అలహాబాదు ముస్లిం లీగ్ సభలో ఇక్బాల్ రెనాన్‌ను ఉదహరించాడు. కబీరు బాట, అక్బరు బాట జనం మనసుల్ని పట్టుకుని ఉంటే ఇక్కడ అలాంటి జాతి ఏర్పడేదేమో, అలా జరగలేదన్నాడు. 1940లో 'థాట్స్ ఆన్ పాకిస్తాన్' రాస్తూ అంబేద్కరూ రెనాన్‌నే తీశాడు. హిందువులూ ముస్లింలూ తమ గతాన్ని మరిచిపోలేకపోతున్నారని బాధపడ్డాడు. ఇద్దరివీ వేరు వేరు దారులు. కానీ ఇద్దరూ ఒకే గుమ్మం దగ్గర ఆగిపోయారు, కలిసి బతకాలన్న కోరిక ఇక్కడ ఉందా అని.

ఉందని చెప్పినవాడు ఒక మౌల్వీ. ఆయనకు రెనాన్‌తో పని పడలేదు.

మదనీ సాహెబ్ పుస్తకం

మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ 1879లో పుట్టారు. దేవబంద్‌లో చదివారు. మదీనాలో ప్రవక్త మసీదులో ఏళ్ళ తరబడి హదీసు పాఠాలు చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గురువు మహమూద్ హసన్‌తో పాటు ఆయన్ని పట్టుకుని బ్రిటిష్‌వాళ్ళు మాల్టా ద్వీపంలో నిర్బంధించారు. 1920లో వదిలారు. మరుసటి ఏడాదే బ్రిటిష్ సైన్యంలో పనిచేయడం ముస్లింలకు హరామ్ అన్న తీర్మానం మీద కరాచీలో కేసు నడిచింది. ముద్దాయిల బోనులో అలీ సోదరులూ, మదనీ, వాళ్ళ పక్కనే ఒక శంకరాచార్యుడూ ఉన్నారు. మదనీకి రెండేళ్ళ కఠిన శిక్ష పడింది. ఆ తర్వాత 1927 నుంచి 1957లో కన్నుమూసేదాకా దేవబంద్ మదర్సాలో ప్రధాన అధ్యాపకుడు ఆయనే.

ఢిల్లీ సభలో ఆయన అన్నమాట చిన్నదే. ఈ కాలంలో ఖౌములు వతన్‌ను బట్టి ఏర్పడుతున్నాయి, మతాన్ని బట్టి కాదు అని. వతన్ అంటే పుట్టి పెరిగిన నేల. మర్నాడు కొన్ని ఉర్దూ పత్రికలు ఆయన 'మిల్లత్' వతన్‌ను బట్టి ఏర్పడుతుందన్నాడని రాశాయి. ఖౌమ్ వేరు, మిల్లత్ వేరు. మిల్లత్ అంటే ధర్మాన్ని నమ్మిన సమాజం. ఒక ఆలిమ్ ధర్మానికి మూలం మట్టి అన్నాడంటే అది చిన్న మాట కాదు.

లాహోరులో ఇక్బాల్ మంచం మీద ఉన్నాడు. ఆ వార్త విని మండిపడి, ఫారసీలో మూడు ద్విపదలు రాశాడు. దేవబంద్‌లో హుసేన్ అహ్మద్ అనే మనిషి ఇలా మాట్లాడటం ఎంత వింత అన్నట్టుగా ఎత్తిపొడిచాడు. ఇక్బాల్ కోపానికి కారణం లేకపోలేదు. 1904లో హిందుస్తాన్‌ను కీర్తిస్తూ తరానా రాసిన కవే యూరప్ చూసి వచ్చాక దేశాన్ని కొత్త విగ్రహంగా నిలబెట్టి మొక్కడాన్ని అసహ్యించుకున్నాడు. జాతుల పేరు మీద యూరప్ తన పిల్లల్ని తానే తిన్న యుద్ధం ఆయన కళ్ళముందే జరిగింది. 1917లో 'నేషనలిజం' పుస్తకంలో టాగూరు అన్నదీ ఇంచుమించు అదే. టాగూరును దేశద్రోహి అనడానికి చాలామందికి నోరు రాదు, ఇక్బాల్‌ను అనడానికి వస్తుంది.

మధ్యవర్తి ఒకాయన ఇద్దరికీ ఉత్తరాలు రాశాడు. నేను ఖౌమ్ అన్నాను, మిల్లత్ అనలేదు, పైగా లోకంలో ఉన్న సంగతి చెప్పాను అని మదనీ వివరించారు. 1938 మార్చి చివర ఇక్బాల్ పత్రికలో ప్రకటన ఇచ్చాడు. వివరణ చూశాక ఆయన్ని తప్పుపట్టే హక్కు తనకు లేదన్నాడు. ఏప్రిల్ 21న ఇక్బాల్ చనిపోయాడు. ఆ ఏడాదే వచ్చిన ఆయన చివరి సంపుటం 'అర్మగాన్-ఎ-హిజాజ్'లో ఆ ద్విపదలు అలాగే అచ్చయ్యాయి. ఇప్పటికీ జనం నోట పద్యం ఉంది. సవరణ ఎంతమందికి తెలుసు? డెస్కులో పనిచేసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

ఆ గొడవకు జవాబుగా మదనీ 1938లో రాసిందే 'ముత్తహిదా ఖౌమియత్ ఔర్ ఇస్లాం'. ఉమ్మడి జాతీయత, ఇస్లాం అని మనం అనుకోవచ్చు. పుస్తకం చిన్నది, రాసిన పద్ధతి మదర్సా పద్ధతి. ముందు ఆ మాటకు అరబీ నిఘంటువులు ఏం చెప్పాయో చూస్తారు. తర్వాత ఖురాన్‌లోకి వెళ్తారు. నూహ్, హూద్, సాలెహ్ వంటి ప్రవక్తలు తమను నమ్మనివాళ్ళను, తమ మీద రాళ్ళు ఎత్తినవాళ్ళను కూడా 'నా ఖౌమ్' అనే పిలిచారని చూపిస్తారు. విశ్వాసం వేరైనా ఖౌమ్ ఒకటి కావచ్చని ఇంతకన్నా రుజువేం కావాలంటారు. తర్వాత మదీనా ఒడంబడిక. 622లో మక్కా నుంచి మదీనా చేరాక ప్రవక్త అక్కడి ముస్లింలకూ యూదులకూ కలిపి ఒప్పందం రాయించారు. ఎవరి ధర్మం వాళ్ళది, ఊరి మీదికి శత్రువొస్తే అందరూ ఒకటి.

ఇక్కడే ఈ పుస్తకం ప్రాణం ఉందని మాకనిపిస్తుంది. మదనీ చెప్పిన ఉమ్మడి జాతి ఒక ఒప్పందం. కరిగి కలిసిపోవాలన్న షరతు అందులో లేదు. నీ పుణ్యభూమి ఎక్కడ అన్న ప్రశ్నా లేదు. నువ్వు ఈ నేల మీద ఉన్నావా, దీని కష్టంలో నిలబడతావా అన్నదే లెక్క. పరాయి దేశాల్లో హిందుస్తానీ అంటే హిందువైనా ముస్లిమైనా ఒకే బానిసగా చూస్తున్నారని కూడా ఆయన గుర్తుచేశారు. అది మాల్టాలో ఉండొచ్చినవాడి మాట.

దీనికి ఆయన పెట్టిన ఖర్చు తక్కువది కాదు. 1945-46 ఎన్నికల ప్రచారంలో లీగ్ మద్దతుదార్లు ఆయన్ని అవమానించారు, మీదపడ్డారు కూడా. ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాళ్ళకే ఓటున్న ఎన్నికలవి. నేతపనివాళ్ళ మోమిన్ కాన్ఫరెన్స్ విభజన వద్దంది. 1940 ఏప్రిల్‌లో సింధు నాయకుడు అల్లాబక్ష్ అధ్యక్షతన ఢిల్లీలో ఆజాద్ ముస్లిం కాన్ఫరెన్స్ వద్దంది. అదే ఏడాది మార్చిలో రామ్‌గఢ్ కాంగ్రెస్ అధ్యక్షపీఠం నుంచి మౌలానా ఆజాద్, తాను ముస్లింననీ ఈ విడదీయరాని భారత జాతిలో భాగమనీ రెంటినీ ఒకే గర్వంతో చెప్పుకున్నాడు. వీళ్ళెవరి పేర్లూ మా సోషల్ పాఠంలో గజనీ అంత గట్టిగా వినబడలేదు.

పుస్తకం చెప్పనివి

మా పెద్దలు రాసిందని నెత్తిన పెట్టుకోవడం మాకిష్టం లేదు. ఆ పుస్తకంలో లోటున్నది. ఒప్పందం చేసుకునేదెవరు? సమాజాల తరఫున పెద్దలు. ముస్లింల తరఫున ఉలేమా. పెళ్ళి సంబంధం దగ్గర 'ఏ ఖౌమ్' అని అడిగే మా లోపలి ఎత్తుపల్లాల గురించి అందులో ఒక్క మాట లేదు. దూదేకులవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోని షరాఫత్ గురించి లేదు. ఆడవాళ్ళు ఒప్పందంలో సంతకందార్లు కారు. బ్రిటిష్‌వాణ్ణి తరమాలన్న అవసరంలోంచి వచ్చిన పుస్తకం కాబట్టి, వాడు పోయాక ఏమిటన్నదానికి జవాబు పలచగా ఉంది.

ఆ ఖాళీని చాలావరకు పూడ్చింది రాజ్యాంగం. అది సమాజాలతో కాదు, మనిషి మనిషితో చేసుకున్న ఒప్పందం. అందులో పౌరసత్వానికి మతం అడగలేదు. 2019 డిసెంబరులో పౌరసత్వ చట్టాన్ని సవరిస్తూ, మూడు పొరుగు దేశాల నుంచి వచ్చినవాళ్ళ విషయంలో మొదటిసారి మతం పేర్లు రాశారు. అందులో మా పేరు లేదు. ఆ చలిలో షాహీన్‌బాగ్‌లో కూర్చున్న ఆడవాళ్ళు చదివిన పుస్తకం రాజ్యాంగ పీఠికే. ఒప్పందంలో వాళ్ళు అప్పుడు తమ సంతకం తామే పెట్టారు.

హైదరాబాదు ఏం మరిచిపోయింది?

రెనాన్ చెప్పిన మరుపు సంగతి మన ఇంటి దగ్గరే చూద్దాం.

షోయబుల్లా ఖాన్ హైదరాబాదులో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు. రజాకార్లను ఎదిరించి, సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో ఒక రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి పోతుంటే కాల్చి, రాసిన చెయ్యి నరికేశారు. అప్పటికి ముప్ఫై ఏళ్ళు లేవు. వతన్ కోసం ఉర్దూలో రాసి ఉర్దూ రాసిన చెయ్యి పోగొట్టుకున్నవాడు. సెప్టెంబరు 17 వచ్చినప్పుడల్లా జరిగే గొడవలో ఆ పేరు ఎంతమంది తలుస్తారు? తలిచేవాళ్ళలో కూడా కొందరు 'మంచి ముస్లిం' అని మా మొహాన కొట్టడానికే తలుస్తారు.

ఇంకొకటుంది. సెప్టెంబరు 13 నుంచి 18 దాకా సాగిన పోలీసు చర్య తర్వాత సంస్థానంలో, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింలపై ఊచకోత జరిగింది. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల కమిటీ ఆ నవంబరు, డిసెంబరుల్లో తిరిగి చూసి, తక్కువలో తక్కువగా లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. ప్రాణాలకు తెగించి ముస్లింలను కాపాడిన హిందువుల గురించీ అదే నివేదిక రాసింది. ప్రభుత్వం దాన్ని దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. 2013లో ఏ.జి. నూరానీ తన హైదరాబాదు పుస్తకం వెనక దాన్ని అచ్చువేశాడు.

రజాకార్ల దౌర్జన్యం బడి పిల్లాడికి కూడా తెలుసు. తెలియాలి కూడా. కానీ నివేదిక సంగతి తెలియకూడదా? ఇక్కడ మరిచిపోవడం అందరికీ సమానంగా పంచలేదు. ఒకరి గాయాన్ని పాఠం చేశారు, ఇంకొకరి గాయాన్ని ఫైలు చేశారు. కలిసి మరిచిపోవాలంటే ముందు కలిసి గుర్తుచేసుకోవాలి కదా. రెనాన్ దగ్గర మాకు సరిపడని చోటు ఇదే.

పేపరు చదివే జాతి

బెనెడిక్ట్ ఆండర్సన్ 1983లో 'ఇమాజిన్డ్ కమ్యూనిటీస్' రాశాడు. ఒకరినొకరు ఎన్నడూ చూడని లక్షలమంది పొద్దున్నే ఒకే పేపరు విప్పి, తమలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని అనుకోవడంలోంచి జాతి ఊహ పుట్టిందన్నాడు. తెలుగులో అది మన కళ్ళముందే ఉంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి, ఆ తర్వాత పత్రికలు. ఆంధ్రులమన్న ఊహ అచ్చులోంచే పాకింది.

మరి పొద్దున్నే ఆ పేపరు విప్పిన మాకు మేము కనబడతామా? రంజాన్ నెలలో హలీం ఫొటోలో కనబడతాం. పేలుడు జరిగిన మర్నాడు అనుమానితుల జాబితాలో కనబడతాం. మిగతా పదకొండు నెలలు సైకిల్ షాపులో, బిర్యానీ సెంటర్లో, టైలర్ మిషను ముందు ఉన్న మేము వార్త కాదు. పిఠాపురంలో తెలుగు పద్యం రాసిన ఉమర్ అలీషా మావాడే. ఆయన్ని కవుల పక్కన కాకుండా 'ముస్లిం అయినా' అని మొదలుపెట్టి పొగుడుతారు. ఆ 'అయినా' అన్న మాట ఎప్పుడు పోతుంది? 1910లో గురజాడ 'దేశభక్తి' రాస్తూ దేశాన్ని మట్టిలో కాదు మనుషుల్లో చూడమన్నాడు. దేవబంద్ మౌల్వీ నేల నుంచి మొదలై మనుషుల దగ్గరికొచ్చాడు. విజయనగరం కవి నేరుగా మనుషులతోనే మొదలుపెట్టాడు. ఒకరి పేరు ఇంకొకరు విని ఉండకపోవచ్చు. ఇద్దరినీ వాళ్ళ భాషల్లోనే చదువుకునే అదృష్టం మాకుంది.

ఇప్పుడు మా బల్ల దగ్గర కొత్తగా చేరిన పిల్లలున్నారు. ఉర్దూ ప్రకటనలు వాట్సాప్‌లో వస్తున్నాయి. మొన్న ఒకమ్మాయి అడిగింది, 'అన్నా, ఖౌమ్‌ను ఏమని రాయాలి?' అని.

'వాక్యం చివరిదాకా చదువమ్మా' అన్నాం. 'రాసినవాడు ఎవరెవర్ని కలుపుకుని ఆ మాటన్నాడో చూడు. వాళ్ళ ఇంటివాళ్ళనా, మసీదువాళ్ళనా, దేశం మొత్తాన్నా. దాన్నిబట్టి రాయి.'

ఆ అమ్మాయి వెళ్ళి రాసుకుంది. తెలుగులో 'జాతి' అని రాసేవాళ్ళు కూడా ఆ మాటను అలాగే చూసుకుంటే బాగుండునని మా కోరిక. రాసే ముందు ఎవరెవర్ని కలుపుకున్నారో ఒక్కసారి లెక్క చూసుకోండి. ఆ టీచరు సాహెబ్ ఇప్పుడు లేడు. ఆయన అడిగిన బడి మాత్రం నడుస్తోంది. ఆగస్టు 15న అక్కడి ఆడపిల్లలు ఖౌమీ పర్చమ్ ఎగరేస్తారు.